పట్నం ఒక్కటి కాదు: హాలియా నుంచి హైదరాబాద్‌కు మారేవారి అపోహలు, వాస్తవాలు

నల్లగొండ జిల్లా హాలియాలో పట్నం సంగతి వస్తే రెండే తీర్పులు వినిపిస్తాయి. పోయినవాడు బాగుపడ్డాడని ఒకరంటే, కిరాయిలకే కరిగిపోయాడని ఇంకొకరంటారు. రెండింటికీ ఉదాహరణలు దొరుకుతాయి కాబట్టి రెండూ నిజమే అనిపిస్తాయి. చిక్కల్లా హైదరాబాద్‌ను ఒకే ఊరుగా లెక్కగట్టడంలో ఉంది. ఒకే జీతానికి చేరిన రెండు కుటుంబాల్లో ఒకటి నిలదొక్కుకుని, రెండోది అప్పులపాలైతే దానికి పట్నాన్ని మెచ్చుకోవడమూ తిట్టడమూ దండగే. ఏ కాలనీలో దిగారు, పని ఎంత దూరంలో ఉంది, చేతిలో ఏ కాగితాలున్నాయి అని అడగాలి. మనలో పాతుకుపోయిన అపోహలన్నీ ఈ మూడు ప్రశ్నలను దాటేసినవే.

మొదటి అపోహ మన గురించి మనకున్నదే: నల్లగొండ, పాలమూరు అంటే వలసపోయే నేల, ఇంకోచోట వేళ్లూనుకోవడం మనకు అచ్చిరాదు అని. పాలమూరు కూలీలు దేశం నలుమూలలా మట్టి మోసిన మాట వాస్తవమే. కానీ ఇవాళ్టి హాలియాను పెంచింది వలస వచ్చినవాళ్లు కూడా. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న పునాదిరాయి పడింది, 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ పారాక గుంటూరు, కృష్ణా జిల్లాల రైతులు ఎందరో ఇటు వచ్చి భూములు కొని ఇక్కడివాళ్లే అయిపోయారు. వరి మీద పెరిగిన ఈ ఊరు 2018లో మున్సిపాలిటీ అయింది. ఆ రైతులు వట్టి ధైర్యంతో రాలేదు. నీళ్లెక్కడ పారతాయో చూసుకుని, తమకు చేతనైన సేద్యంలోకే దిగారు. మనం పట్నం వెళ్లేటప్పుడు అంతమాత్రం చూసుకుంటున్నామా అన్నది అనుమానమే.

నీళ్ల విషయంలోనే చూడండి. పట్నం చేరితే నీళ్ల బాధ, ఫ్లోరైడ్ భయం తీరిపోతాయని చాలామంది నమ్మకం. హైదరాబాద్ నల్లాల్లో వచ్చే కృష్ణా నీళ్లు బయల్దేరేది మన జిల్లా నుంచే. సాగర్ వెనుక జలాలను పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి, అక్కంపల్లి రిజర్వాయర్‌లో నింపి, కోదండాపురంలో శుద్ధి చేసి నగరానికి పంపుతారు. 2004, 2008, 2015లలో మొదలైన మూడు దశలూ కలిపి రోజుకు 270 మిలియన్ గ్యాలన్లు, అంటే 120 కోట్ల లీటర్లకు పైనే. అయితే ఆ నీళ్లు నగరంలోని ప్రతి ఇంటికీ ఒకే తీరున అందవు. పాత బస్తీల నుంచి కొత్త వెంచర్ల దాకా పైపులైన్ వెళ్లిన చోటు వేరు, బోరు మీద బతికే చోటు వేరు. 2021 జనవరి నుంచి జీహెచ్‌ఎంసీ పరిధిలో ఇంటి కనెక్షన్లకు నెలకు 20 వేల లీటర్ల దాకా ఉచితమన్నారు. ఆ మేలు కనెక్షన్ ఉన్న ఇంటికే. నల్లా లేని అపార్ట్‌మెంట్‌లో కిరాయికి ఉన్నవారికి ఎండాకాలం ట్యాంకర్ ఖర్చు మెయింటెనెన్స్ రూపంలో నెత్తిన పడుతుంది. 2024 వేసవిలో ట్యాంకర్ల కోసం నగరం ఎలా ఎదురుచూసిందో పేపర్లు చదివినవారికి గుర్తుండే ఉంటుంది. తన ఊరి పక్క నుంచి వెళ్లిన నీళ్లే అందని కాలనీలో దిగి, అక్కడి బోరునీళ్లు తాగడం హాలియా మనిషికి జరగరానిదేమీ కాదు.

ఇక జీతం. ఇక్కడ పదిహేను వేలు, అక్కడ ముప్పై వేలు అంటే రెట్టింపు మిగులుతుందనుకోవడం అన్నిటికన్నా ఖరీదైన అపోహ. (ఈ అంకెలు లెక్క కోసం వేసుకున్నవే.) ఊళ్లో సొంత ఇంటికి కిరాయి లేదు, బియ్యం చేనువి, పాలు ఇంటివో పక్కింటివో. ఇవన్నీ డబ్బుగా కనపడవు కాబట్టి లెక్కలోకి రావు. పట్నంలో ఒక్కోదానికి రేటు కట్టాల్సి వస్తుంది. దీని మీద దూరం ఖర్చు. సాగర్ రోడ్డు వెంట వచ్చిన మనవాళ్లు సహజంగానే ఎల్బీనగర్, హస్తినాపురం, బీఎన్ రెడ్డి నగర్ వైపు ఇళ్లు చూసుకుంటారు. చుట్టాలున్నారు, ఊరి బస్సు అక్కడే దొరుకుతుంది. ఇది తప్పని అనలేం. కొత్తలో జ్వరమొస్తే గంజి కాచి ఇచ్చే ఇల్లు దగ్గరుండటం చిన్న సంగతేమీ కాదు. కానీ ఐటీ కంపెనీలు, వాటి చుట్టూ పుట్టే సెక్యూరిటీ, డ్రైవింగ్, క్యాంటీన్ పనులు ఎక్కువగా నగరానికి పడమటి కొసన, గచ్చిబౌలి వైపు ఉన్నాయి. ఎల్బీనగర్‌కు 2018లోనే మెట్రో వచ్చింది కదా అంటారు. కానీ ఆ వైపు ఆఖరి స్టేషన్ రాయదుర్గం చేరాలంటే అమీర్‌పేటలో రైలు మారాలి. అక్కడి నుంచి ఆఫీసు గేటుకు ఆటోనో షేర్ క్యాబో ఎక్కాలి. ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు 2023 డిసెంబర్ 9 నుంచి చార్జీ లేదు, మెట్రోలో ఆ వెసులుబాటు లేదు. ఇద్దరూ పనిచేసే ఇంట్లో ఇదీ లెక్కలోకి రావాల్సిందే.

కాగితాల దగ్గర భయాలు అటూఇటూ ఉన్నాయి. ఊరు విడిస్తే రేషన్ బియ్యం పోతుందన్నది వట్టిమాట. తెలంగాణ కార్డుతో రాష్ట్రంలో ఏ చౌకధరల దుకాణంలోనైనా వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. 2025 ఉగాదినాడు హుజూర్‌నగర్‌లో మొదలుపెట్టిన మనిషికి 6 కిలోల సన్నబియ్యమూ అంతే. టీసీ ఆలస్యమైతే పిల్లల ఏడాది పోతుందన్న భయమూ ఎనిమిదో తరగతి దాకా అక్కర్లేదు. టీసీ రాలేదన్న సాకుతో సర్కారు, ఎయిడెడ్ బడులు చేర్చుకోకుండా ఉండరాదని విద్యాహక్కు చట్టమే చెప్పింది. పదకొండు నెలల అగ్రిమెంట్ అయిపోగానే ఓనరు సామాను బయటపెట్టవచ్చన్నదీ అపోహే. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి పదకొండు నెలలకు రాస్తారు, అంతే. ఓటు సంగతి మాత్రం తిరగబడుతుంది. ఊళ్లో ఇల్లుంది కాబట్టి అక్కడా, ఉంటున్నాం కాబట్టి ఇక్కడా పేరు ఉంచుకోవచ్చనుకుంటారు. చట్టం ఒక్కచోటనే ఒప్పుకుంటుంది. ఇల్లు సొంతమైనంత మాత్రాన ఆ ఊరి ఓటరు కాలేరు. ఫారం 8 నింపి మార్చుకోవాలి.

ఇదంతా వద్దు పొమ్మని చెప్పే ఎత్తు కాదా అని అడగవచ్చు. కాదు. డిగ్రీ చదివిన అమ్మాయికి హాలియాలో లేని ఉద్యోగం హైదరాబాద్‌లో ఉంది. ఆ ఒక్క కారణం చాలు. పెద్ద జబ్బుకో, చదువుకో అయితే మాత్రం కాపురమే మార్చాల్సిన పని లేదు. ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలకు పెరిగింది, ఊరి అడ్రసుతోనే నిమ్స్‌లో చూపించుకోవచ్చు. దేశంలో తొలి గురుకుల పాఠశాల 1971లో పుట్టింది మన పాత నల్లగొండ జిల్లా సర్వేల్‌లోనే. పట్నంలో ప్రతి వీధి బడీ దానికి సాటి అనుకోవడం అత్యాశ.

బడులు తెరిచేది జూన్‌లో కాబట్టి మనవాళ్లు ఇల్లు వెతికేది ఏప్రిల్, మే నెలల్లో. నీళ్ల గుట్టు బయటపడేదీ అప్పుడే. నల్లా ఎన్నిరోజులకోసారి వస్తుందో, పోయిన నెల ట్యాంకర్లు ఎన్ని దిగాయో ఓనరును కాదు, పై అంతస్తులో కిరాయికి ఉన్నవాళ్లను అడగండి. అడ్వాన్స్ ఇచ్చేలోపు ఒక సోమవారం పొద్దున ఆ ఇంటి నుంచి పనిచోటు దాకా వెళ్లి చూడండి.