హైదరాబాదా? దుబాయా? నగరాన్ని తూచవలసిన తక్కెడ

గత సంవత్సరం షవ్వాల్ మాసంలో ఒకనాటి రాత్రి, ఇషా నమాజు ముగిసిన తరువాత, మాచర్ల ప్రాంతానికి చెందిన తండ్రీకొడుకులు మా మదరసాకు వచ్చారు. కుర్రవాడు ఏసీ మరమ్మతుల పని నేర్చినవాడు. పెళ్ళయి ఏడాది దాటింది. భార్య గర్భవతి. అతని ముందు రెండు దారులున్నాయి. ఒకటి మేనమామ చూపించిన హైదరాబాదు పని, రెండవది ఒక ఏజెంటు చూపించిన దుబాయి పని. "హజ్రత్, ఈ రెండు ఊళ్ళలో ఏది మంచిదో మీరే చెప్పండి. మా మాట వీడికి ఎక్కడం లేదు" అన్నాడు తండ్రి. కొడుకు తల వంచుకుని, "దుబాయి ముస్లిముల దేశమే కదా హజ్రత్!" అన్నాడు.

నరసరావుపేట మొదలు గురజాల వరకు ఎన్నో ముస్లిం ఇళ్ళలో ఈ ప్రశ్న నలుగుతూనే ఉంది. అందువల్ల ఆనాడు వారితో మాట్లాడిన విషయాలను పాఠకుల ముందు ఉంచుతున్నాము.

ఇబ్రాహీం ప్రవక్త నేర్పిన కొలమానం

నగరాన్ని దేనితో కొలవాలి? ఎత్తైన భవనాలతోనా, వెలుగులతోనా? హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) మక్కా కొరకు చేసిన దుఆను దివ్యఖుర్ఆన్‌లోని అల్ బఖరా సూరా మనకు తెలుపుతుంది. ఆయన ఆ ఊరికి శాంతిభద్రతలను కోరారు, అక్కడి ప్రజలకు ఉపాధిని కోరారు. ఖురైష్ సూరాలో అల్లాహ్ ఆ జాతికి గుర్తుచేసిన మేళ్ళు కూడా ఈ రెండే. ఆకలికి అన్నం, భయం నుండి రక్షణ. ఆ రెండింటినీ ఇచ్చిన ప్రభువును ఆరాధించాలన్నది వాటితో జోడించిన ఆదేశం. అంటే నగరాన్ని తూచే తక్కెడలో ఉపాధి, భద్రత, ఆరాధన అనే మూడు తూకపురాళ్ళు ఉండాలి. ఏ ఒక్కటి తగ్గినా ఆ ఊరి ఆకర్షణ పైపూత మాత్రమే.

హైదరాబాదు పిలుపు

1591లో ముహమ్మద్ కులీ కుతుబ్‌షా పునాది వేసిన ఈ నగరం పల్నాటి ముస్లిములకు పరాయి ఊరు కాదు. మన ఇళ్ళలో పలికే దక్కనీ అక్కడి బజారులో వినిపిస్తుంది. చార్‌మినార్ ప్రక్కన 1694లో నిర్మాణం పూర్తయిన మక్కా మసీదు ఉంది. ఎందరో ఆలిములను తీర్చిదిద్దిన జామియా నిజామియా ఉంది. 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ అనే సంస్థ ఇమాం బైహఖీ గారి 'సుననె కుబ్రా' వంటి హదీసు గ్రంథాలను అచ్చువేసింది. అరబ్బు దేశాల ఆలిములు సైతం హైదరాబాదు ముద్రణలను తెప్పించుకుని చదివారు.

ఒకప్పుడు బ్రతుకుతెరువు కొరకు అరబ్బులే ఈ నగరానికి వచ్చారు. నిజాం సైన్యంలో కొలువు చేయడానికి యెమన్‌లోని హజ్రమౌత్ నుండి వచ్చినవారి సంతతి నేటికీ పాతబస్తీ చేరువలోని బార్కస్‌లో నివసిస్తోంది. సైనికుల 'బ్యారక్స్' నుండి ఆ పేటకు ఆ పేరు వచ్చింది.

దుబాయి పిలుపు

దుబాయి కథ వేరు. అది సముద్రపు పాయ ఒడ్డున ముత్యాల వేటతోను, వర్తకంతోను బ్రతికిన చిన్న రేవు. 1966 వరకు అక్కడ చెలామణి అయినది మన రిజర్వు బ్యాంకు జారీచేసిన రూపాయే. అదే సంవత్సరం చమురు బయటపడింది. 1971 డిసెంబరు 2న ఐక్య అరబ్ ఎమిరేట్స్ ఏర్పడింది. 2010లో 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా ప్రారంభమైంది. ఒక మనిషి జీవితకాలంలోనే రేవుపల్లె ప్రపంచనగరమైంది. ఆ కట్టడాల వెనుక మన తెలుగు కార్మికుల చెమట కూడా ఉంది.

దాని ఆకర్షణ అబద్ధం కాదు. జీతంపై ఆదాయపు పన్ను లేదు. ఐదు పూటలా అజాన్ వినబడుతుంది. హలాల్ ఆహారం కొరకు వెతకనక్కరలేదు. చట్టం అమలులో గట్టిదనం ఉంది. ఎండాకాలంలో జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుండి మూడు గంటల దాకా ఆరుబయట ఎండలో పని చేయించరాదన్న నిబంధన ఉంది. అయితే అక్కడి జనాభాలో దాదాపు పదింట తొమ్మిది వంతులు పరదేశీయులే. కార్మికుని నివాసం అతని కొలువుతో ముడిపడి ఉంటుంది. కొలువు పోతే కొద్దికాలంలో మరొకటి చూసుకోవాలి, లేదా తిరుగుముఖం పట్టాలి. హైదరాబాదులో పని పోయినవాడు మరో వీధిలో పని వెతుక్కుంటాడు. ఊరు విడిచి పొమ్మని అతనితో ఎవరూ అనరు.

దూరం అంటే ఏమిటి?

మాచర్ల నుండి హైదరాబాదుకు బస్సులో నాలుగైదు గంటల ప్రయాణం. శంషాబాదు నుండి దుబాయికి విమానంలో కూడా సుమారు నాలుగు గంటలే. అయినా ఈ రెండూ ఒకే దూరం కావు. తల్లికి జబ్బు చేసిందని కబురు వస్తే హైదరాబాదు కొడుకు రాత్రి బస్సెక్కి తెల్లవారేసరికి ఇంట్లో ఉంటాడు. దుబాయి కొడుకు సెలవు అడగాలి, టిక్కెట్టు కొనాలి. కొన్ని ఒప్పందాలలో రెండేళ్ళకు గాని ఇంటికి వచ్చే వీలుండదు.

ఇక్కడ హజ్రత్ ఉమర్ (రజియల్లాహు అన్హు) ఖిలాఫతు కాలపు సంఘటన మనకు దారి చూపుతుంది. యుద్ధానికి వెళ్ళిన భర్త కొరకు ఒక ఇల్లాలు రాత్రివేళ వేదన చెందడం ఆయన చెవినబడింది. స్త్రీ తన భర్త ఎడబాటును ఎంతకాలం ఓర్చుకోగలదని తన కుమార్తె హజ్రత్ హఫ్సా (రజి) గారిని అడిగి తెలుసుకున్నారు. సైనికులను అంతకుమించి ఇంటికి దూరంగా ఉంచరాదని ఆదేశించారు. ఆ గడువు నాలుగు మాసాలని కొన్ని ఉల్లేఖనాలలోను, ఆరు మాసాలని మరికొన్నింటిలోను ఉంది. దేశరక్షణకు వెళ్ళినవారి విషయంలోనే ఖలీఫా ఇంత జాగ్రత్త వహించారు. సంపాదనకు వెళ్ళేవారు భార్య మనసును అడగకుండా రెండేళ్ళ ఒప్పందంపై సంతకం పెట్టడం తగునా?

"కోడలిని అడిగారా?" అని మేము ప్రశ్నించాము. తండ్రీకొడుకులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

లక్షన్నర మాట

మరి డబ్బు సంగతి? ఏజెంటు లక్షన్నర అడిగాడట. "ఎక్కడ తెస్తారు?" అంటే, "వడ్డీకి" అన్నాడు తండ్రి, మెల్లగా. హలాల్ సంపాదన కొరకు బయలుదేరుతూ మొదటి అడుగే హరాం మీద వేయడం ఎంతటి దౌర్భాగ్యం! పైగా 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశాంగ శాఖ వద్ద నమోదైన ఏజెంటు మాత్రమే కార్మికులను పంపాలి. అతడు తీసుకోదగిన రుసుము ముప్పై వేల రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతే. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు ఎమిరేట్స్‌కు పనికి వెళ్ళాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్సు తప్పనిసరి. "ముందు విజిట్ వీసాపై వెళ్ళు, అక్కడ చూసుకుందాం" అనే మాటను నమ్మరాదు. ఆ వీసాపై పని చేయడం అక్కడ నేరం. పాస్‌పోర్టును యజమాని తన వద్ద అట్టిపెట్టుకోవడం కూడా అక్కడి చట్టానికి విరుద్ధమే.

ఇన్ని చెప్పినంత మాత్రాన హైదరాబాదు స్వర్గమని కాదు. గది అద్దె, భోజనం, రాకపోకలు పోగా చేతిలో మిగిలేది స్వల్పం. బంధువులు చుట్టూ ఉన్నా నమాజు వదిలి, జీతాన్ని ఫోన్లకు, షికార్లకు ఖర్చుచేసే యువకులను మేము ఎరుగుదుము. దుబాయిలో ఒకే గదిలో ఎనిమిదిమందితో సర్దుకుంటూ ఫజ్ర్ జమాఅతు తప్పనివారినీ, అక్కాచెల్లెళ్ళ నికాహ్‌లు జరిపించినవారినీ ఎరుగుదుము. నగరం మనిషిని మంచివాణ్ణి చేయదు, చెడ్డవాణ్ణీ చేయదు. మనిషి తనతో తీసుకువెళ్ళినదానినే పెంచుతుంది.

మక్కాను ప్రేమించి, మదీనాలో నిలిచి

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం)కు మక్కా ఎంతో ప్రియమైనది. విడిచి వెళ్ళవలసినప్పుడు ఆయన హృదయం బరువెక్కింది. అయినా మదీనా చేరాక, ఆ ఊరిని కూడా మక్కావలె, అంతకంటే మిన్నగా ప్రియం చేయమని అల్లాహ్‌ను వేడుకున్నారు. మక్కా జయమైన తరువాత సైతం మదీనాలోనే ఉండిపోయారు. పుట్టిన ఊరిపై మమకారం ఈమాన్‌కు విరుద్ధం కాదు, ఊరు మారడం మమకారానికి ద్రోహమూ కాదు. కావలసిందల్లా బయలుదేరేముందు సంకల్పాన్ని సరిచూసుకోవడం. అప్పు ఎవరిది? ఒప్పందంలో ఏముంది? భార్య సమ్మతి ఉందా? తల్లిదండ్రులను చూసేదెవరు? నమాజుకు వీలుందా? ఈ ఐదింటికీ జవాబు దొరికిన నగరమే ఆ మనిషికి మంచి నగరం.

ఆ కుర్రవాడు హైదరాబాదు వెళ్ళాడు. ఈ షవ్వాల్‌లో బిడ్డను ఎత్తుకుని మా వద్దకు వచ్చాడు. దుబాయి ఆశ ఇంకా పోలేదని నవ్వుతూ చెప్పాడు. పోనవసరం లేదన్నాము. "వడ్డీ అప్పు లేకుండా, చేతిలో సరైన ఒప్పందంతో, ఈ పాప తల్లి సంతోషంగా సాగనంపిన రోజున వెళ్ళు. మా దుఆ నీ వెంట ఉంటుంది" అన్నాము. పాప చెవిలో అజాన్ పలికింది తానేనని అతడు చెబుతున్నప్పుడు ఆ ముఖంలో కనిపించిన వెలుగు మాకు ఇంకా గుర్తుంది.

మన పిల్లలు ఏ నగరంలో ఉన్నా వారికి శాంతిని, హలాల్ ఉపాధిని, తన ఆరాధనా భాగ్యాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.