మూకుడు మూసిన కుండలో పప్పుధాన్యాలు: ఉడుకుదలపై నిల్వ ప్రభావం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి ప్రధాన పంటైనా, కంది, పెసర, ఉలవలు నిత్యాహారంలో భాగమే. వీటిని మట్టికుండలో మూకుడు మూసి సన్నని సెగపై ఉడికించడం సంప్రదాయం. మట్టి నిదానంగా వేడెక్కి, మంట తగ్గించాక కూడా వేడిని నిలుపుకుంటుంది. మూకుడు ఆవిరిని ఆపుతుంది.

అయినా కొన్ని గింజలు ఎంతసేపటికీ మెత్తబడవు. వేడి, తేమలలో దీర్ఘకాలం నిల్వ ఉన్న గింజలలో ఫైటేట్ విచ్ఛిన్నమై కాల్షియం, మెగ్నీషియం విడుదలవుతాయి. ఇవి కణాల మధ్యనున్న పెక్టిన్‌ను గట్టిపరుస్తాయి. కఠినజలంలోని లవణాల ప్రభావమూ ఇటువంటిదే. వంటసోడా గింజను మెత్తబరచినా థయామిన్‌ను నశింపజేస్తుంది.

గింజలను 9-10 శాతం తేమకు ఆరబెట్టి నిల్వచేయడం, ఉలవలను రాత్రంతా నానబెట్టడం శ్రేయస్కరం. గింజ ఉడకకపోతే వంటచెరకు, మహిళల శ్రమ వృథా అవుతాయి. కనుక రకాల సిఫారసులో దిగుబడితోపాటు ఉడికే సమయాన్నీ పరిగణించాలి.