సంతకం పెడితే అంతా మీ రిస్కేనా? సర్ఫింగ్, జెట్‌స్కీ నేర్చుకునేటప్పుడు ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిది?

బిట్రగుంట: బోగోలు మండలం జనానికి సముద్రం కొత్తేం కాదు. జువ్వలదిన్నె హార్బర్ మండలంలోనే ఉంది. కావలి దగ్గర తుమ్మలపెంట బీచ్, నెల్లూరు వైపు వెళ్తే మైపాడు. కానీ ఇప్పటి కుర్రాళ్లు కాళ్లు తడుపుకుని వచ్చేసే రకం కాదు. రీల్స్ చూసి సర్ఫింగ్, కయాకింగ్, జెట్‌స్కీ నేర్చుకుంటామంటూ పైకి విశాఖ రుషికొండకో, కిందికి చెన్నై దగ్గరి కోవళానికో బయల్దేరుతున్నారు. డబ్బు కట్టగానే అక్కడ ఓ కాగితం చేతిలో పెడతారు. 'ఏం జరిగినా నిర్వాహకులకు సంబంధం లేదు' అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. చదవకుండానే సంతకం పెట్టేస్తాం.

మరి ఏదైనా జరిగితే? ఆ సంతకంతో కథ ముగిసినట్టేనా?

కాదు. డబ్బు తీసుకుని నేర్పిస్తున్నారంటే అది సేవ. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కిందకు వస్తుంది. అల తగిలి బోర్డు మీంచి పడి మోచేయి గీసుకుపోతే అది ఆటలో ఉండే రిస్క్, దానికి ఎవరినీ అనలేం. కానీ లైఫ్ జాకెట్ బకిల్ విరిగిపోయి ఉండటం, ఒక్క ట్రైనర్‌కి ఇరవై మందిని అప్పగించడం, సముద్రం పోటుమీద ఉన్నా లోపలికి దించడం... ఇవి నిర్లక్ష్యం. వీటిని సంతకం మాఫీ చేయదు. మరీ ఏకపక్షంగా ఉన్న ఒప్పందాన్ని చెల్లదని ప్రకటించే అధికారం రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌కు ఉంది. ప్రాణం పోతే క్రిమినల్ కేసు వేరేగా ఉంటుంది. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 కింద ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు.

'తీసుకెళ్లినవాళ్లదే బాధ్యత' అన్న మాటకు మనోళ్లకు తెలిసిన ఉదాహరణే ఉంది. 2014 జూన్ 8న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది హిమాచల్‌లో బియాస్ నదిలో కొట్టుకుపోయారు. లార్జి డ్యామ్ నుంచి ఒక్కసారిగా నీళ్లొదిలారు. 2016లో హిమాచల్ హైకోర్టు ఒక్కో కుటుంబానికి 20 లక్షలు ఇవ్వమంది. అందులో విద్యుత్ బోర్డు వాటా 60 శాతం, ప్రభుత్వానిది 10 శాతం. మిగతా 30 శాతం? కాలేజీ మీద పడింది. నీళ్లొదిలింది కాలేజీ కాదు, అయినా పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లి కాపలా లేకుండా నదిలోకి దిగనిచ్చినందుకు.

2017 నవంబర్ 12 గుర్తుందా? కార్తీక మాసం, ఆదివారం. ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలో పడవ బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు. అందులో ఒంగోలు, నెల్లూరు వాళ్లే ఎక్కువ. ఆ పడవకు అనుమతి లేదు. ఎక్కినవాళ్లలో ఎంతమంది ఆ సంగతి అడిగి ఉంటారు?

అందుకే నీళ్లలోకి దిగే ముందు అడగాలి. సిగ్గుపడక్కర్లేదు. అనుమతి ఎవరిచ్చారు? ట్రైనర్ సర్టిఫికెట్ ఏది? పవర్ బోట్లు నడిపేవాళ్లకు, లైఫ్‌గార్డులకు గోవాలోని జాతీయ వాటర్ స్పోర్ట్స్ సంస్థ శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్ ఇస్తుంది. సర్ఫింగ్ నేర్పేవాళ్లకు అంతర్జాతీయ సర్ఫింగ్ అసోసియేషన్ కోర్సులున్నాయి. ఈత బాగా వచ్చిన కుర్రాడు వేరు, ట్రైనర్ వేరు. అదే చాలాచోట్ల కలిసిపోతోంది.

జాకెట్ వేసుకున్నాక ఎవరినైనా భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. చెవుల దాకా లేచిందంటే అది మీ సైజు కాదు. నీళ్లలో మీరు కిందికి, జాకెట్ పైకి పోతాయి. జెట్‌స్కీకి ఇంజిన్ ఆపే తాడు ఉంటుంది. అది నడిపేవాళ్ల మణికట్టుకో జాకెట్‌కో తగిలించి ఉండాలి. పడిపోతే బండి తనంతట తానే ఆగుతుంది. తాడు హ్యాండిల్‌కి చుట్టేసి ఉంటే ఎక్కకండి.

ఇక రిప్ కరెంట్. ఒడ్డుకొచ్చిన నీళ్లు సన్నటి పాయలా వేగంగా వెనక్కి, సముద్రంలోకి పోతాయి. రెండు పక్కలా అలలు విరుగుతుంటే మధ్యలో ఓ చోట ప్రశాంతంగా కనిపిస్తుంది చూడండి, కొత్తవాళ్లు 'ఇక్కడ బాగుంది' అని దిగేది సరిగ్గా అక్కడే. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదితే అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ పాయ దాటాక ఒడ్డుకు రావాలి. ఈత రాకపోతే తేలుతూ చెయ్యి ఊపాలి. ఈ విషయం మొదటి పది నిమిషాల్లో చెప్పని ట్రైనర్ దగ్గర నేర్చుకునేదేముంది?

ప్రమాదం జరిగితే ముందు 112, 108. సముద్రంలో అయితే కోస్ట్ గార్డ్ 1554. తర్వాత రసీదు, యూపీఐ స్క్రీన్‌షాట్, మీరు సంతకం పెట్టిన ఆ కాగితం ఫొటో, వాడిన జాకెట్ ఫొటో, ఆసుపత్రి కాగితాలు దాచుకోండి. సగం కేసులకు ప్రాణం మీ ఫ్రెండ్ తీసిన వీడియోనే. మందు తాగి దిగినా, చెప్పినా వినకుండా జాకెట్ విప్పేసినా పరిహారం తగ్గుతుంది, అదీ గుర్తుంచుకోండి. మీ సొంత ప్రమాద బీమా ఉన్నా సాహస క్రీడలు మినహాయింపుల్లో ఉన్నాయేమో పాలసీలో చూసుకోవాలి.

చాలామందికి తెలియని సంగతి ఇంకోటి. ప్రమాదం కోవళంలో జరిగినా ఫిర్యాదు కోసం తమిళనాడు తిరగక్కర్లేదు. మీరు ఉండేది బిట్రగుంటలో అయితే నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. ఆన్‌లైన్‌లోనూ కుదురుతుంది. సేవకు కట్టిన డబ్బు 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. సలహా కావాలంటే 1915కి ఫోన్ చేయొచ్చు. గడువు మాత్రం ఘటన జరిగిన రోజు నుంచి రెండేళ్లు.