గోడలు మూసేలోపే వైరు

మూడో సంవత్సరంలో కంప్యూటర్ నెట్‌వర్క్స్ పేపర్ బాగానే రాశాను. సరిగ్గా ఆ నెలలోనే మా అక్క ఆన్‌లైన్ ఇంటర్వ్యూ మధ్యలో తెగిపోయింది. నిజానికి నెట్ పోలేదు, కింద హాల్లో రౌటర్ లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. అక్క కూర్చున్న పైగదిలోకి సిగ్నల్ చేరలేదు, అంతే. తను కిందకి పరిగెత్తి మళ్ళీ కనెక్ట్ అయ్యేసరికి అవతలివాళ్ళు మీటింగ్ ముగించేశారు. ఆ రాత్రి అక్క అన్నం తినలేదు. నాన్న మాత్రం నన్ను ఒకటే అడిగారు: "నువ్వు చదివేది ఇదేగా రా?"

ఇప్పుడు బాబాయి బాపట్లలో ఇల్లు కడుతున్నారు. రెండు స్లాబులూ పడ్డాయి, గోడలు లేచాయి, ప్లాస్టరింగ్ మిగిలింది. ఈసారి ముందే వెళ్ళాను.

"వైఫై ఉండగా మళ్ళీ ఈ వైర్లెందుకు బాబూ?" అన్నాడు ఎలక్ట్రీషియన్ అన్న. బాబాయి కూడా ఖర్చు గురించే ఆలోచిస్తున్నారు. వాదన పెట్టుకోకుండా పాత రౌటర్‌ని హాల్లో ఆన్ చేశాను. సిగ్నల్ కొలవడానికి ఇంటర్నెట్ అక్కర్లేదు, రౌటర్ వెలిగితే చాలు. ఫోన్లో ఒక వైఫై ఎనలైజర్ యాప్ పెట్టి బాబాయి చేతికిచ్చాను. హాల్లో మైనస్ 45 డీబీఎం. మెట్లెక్కి వెనక గదికి వెళ్ళేసరికి మైనస్ 82. వీడియో కాల్ తెగకుండా సాగాలంటే దాదాపు మైనస్ 67 కంటే తగ్గకూడదు. అందులో ప్రతి 3 డీబీ తగ్గుదలకీ సిగ్నల్ బలం సగమైపోతుంది. బాబాయి ఇంకేం అడగలేదు.

కారణం మనందరం చదివిందే. 2.4 గిగాహెర్ట్జ్ దూరం వెళ్తుంది కానీ వేగం తక్కువ, పక్కిళ్ళ రౌటర్లతో గొడవ ఎక్కువ. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది కానీ తొమ్మిదంగుళాల ఇటుక గోడా, ఇనప చువ్వల స్లాబూ అడ్డొస్తే త్వరగా నీరసిస్తుంది. పైగా ఒక ఛానెల్‌లో ఒకసారికి ఒకరే మాట్లాడాలి. టీవీలో సినిమా నడుస్తుంటే మన ల్యాప్‌టాప్ తన వంతు కోసం ఆగాల్సిందే.

అందుకని మేం పెట్టుకున్న సూత్రం ఒకటే: కదలని వస్తువులకి వైరు, కదిలేవాటికి వైఫై. టీవీ, డెస్క్‌టాప్, సీసీ కెమెరాల రికార్డర్ కదలవు. వైఫై ఇచ్చే యాక్సెస్ పాయింట్ కూడా కదలదు, కాబట్టి దానికీ వైరే.

క్యాలెండర్ కాగితం వెనక ఇంటి ప్లాన్ గీశాం. ఫైబర్ వచ్చే చోటు మెట్ల కింద, ఇన్వర్టర్ పక్కన పెట్టాం. కరెంటు పోయినా రౌటర్ ఆగకూడదు కదా. అక్కడినుంచి ప్రతి గదికీ విడిగా ఒక 25 మిల్లీమీటర్ల పైపు. 230 వోల్టుల వైర్లున్న పైపులో నెట్ కేబుల్ దూర్చొద్దని అన్నకి రెండుసార్లు చెప్పాను. డేటాలో నాయిస్ రావడం ఒక సమస్యైతే, షాక్ ప్రమాదం అంతకంటే పెద్దది. మూలల్లో పైపు మెల్లగా వంగాలి, లేకపోతే కేబుల్ లాగలేం. ప్రతి పైపులో ఒక నైలాన్ తాడు కూడా వదిలాం, రేపు కేబుల్ మార్చాలంటే లాగడానికి.

కేబుల్ క్యాట్ 6 చాలు. 100 మీటర్ల వరకు 1 గిగాబిట్, 55 మీటర్ల లోపు 10 గిగాబిట్ల దాకా ఇస్తుంది. షాపులో మాత్రం జాగ్రత్త: అల్యూమినియం తీగకి రాగి పూత పూసినవీ అమ్ముతారు. తీగని బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. స్వచ్ఛమైన రాగే అడగండి.

పై అంతస్తు మధ్యలో, సీలింగ్‌కి యాక్సెస్ పాయింట్. పీవోఈ స్విచ్ ఉంటే ఆ ఒక్క కేబుల్ లోనే దానికి కరెంటు కూడా వెళ్తుంది.

ఇల్లు ఎప్పుడో కట్టేశారా? మాదీ అంతే. గోడ కొట్టడానికి నాన్న ఒప్పుకోలేదు. బయటి గోడ వెంబడి పైపులో ఒక్క కేబుల్ పైకి తీసుకెళ్ళి, పాత రౌటర్ ల్యాన్ పోర్టుకి పెట్టాను. అందులో డీహెచ్‌సీపీ ఆపేసి, కింది రౌటర్‌తో కలవని ఐపీ అడ్రస్ ఇచ్చి, వైఫై పేరూ పాస్‌వర్డూ కిందివే పెట్టాను. 2.4లో కిందది 1వ ఛానెల్, పైది 11. రిపీటర్ కొనలేదు, ఎందుకంటే అది అందిన నీరసపు సిగ్నల్నే తిప్పి పంపుతుంది.

తర్వాతి ఇంటర్వ్యూ అక్క పైగదిలోనే కూర్చుని ఇచ్చింది. నలభై నిమిషాలు ఒక్కసారి కూడా తెగలేదు. ఆ ఉద్యోగమూ రాలేదు. కానీ ఈసారి తను చెప్పాలనుకున్నదంతా చెప్పే వచ్చింది.

మీ ఇంట్లోనో, మావయ్య వాళ్ళింట్లోనో పని నడుస్తుంటే ఈ ఆదివారమే వెళ్ళండి. ప్లాస్టరింగ్‌కి ముందు పైపులున్న ప్రతి గోడకీ టేపు పట్టుకుని ఫొటో తీసి దాచండి. గృహప్రవేశం అయ్యాక ఎవరో ఒకరు అక్కడే మేకు కొడతారు.