ఇఱుకు పెరటికి తగిన చెట్టు

పంపకములవలన మన గ్రామములందలి పెరళ్లు నానాటికి సన్నగిల్లుచున్నవి. ప్రక్కనే పొరుగువారి మేడ లేచినచో, పెరటిలో అంట్లు తోముకొను, గుడ్డలుతుకుకొను ఆడువారికి మఱుగు లేకుండ పోవుచున్నది. ప్రహరిగోడ మేడమీది కిటికీ చూపును ఆపజాలదు. ఇట్టిచోట చెట్టే ఉపాయము. కాని, ఏ చెట్టు?

నూజివీడు రైతునకు చెట్టనగానే మామిడియే స్ఫురించును. చిన్నరసపు అంటు చేతనుండగా వేఱొకటి నాటుటకు మనసొప్పదు. అయితే తోటలో అంటునకును అంటునకును 30 అడుగుల ఎడము విడుచు మనము 10 అడుగుల పెరటిలో దానిని నాటుట తగునా? గొడుగువలె విప్పారు మామిడికొమ్మ గోడ దాటును. కొమ్మతో కాయయు, కాయతో తగవును దాటును.

ఇఱుకుచోటికి తగినది నరమామిడి. దీనిని పలువురు అశోకమందురు గాని నిజమైన అశోకము వేఱు. నరమామిడి ఏడాది పొడవున ఆకుపచ్చగ నుండును. ఇందు కొమ్మలు ప్రక్కలకు చాచు తెగ బాటలకు నీడనిచ్చును. కొమ్మలు మానునంటి క్రిందికి వ్రేలు తెగ స్తంభమువలె నిలుచును. పెరటికి ఇదియే కావలసినది. కనుక కొమ్మల తీరు చూచి మొక్కను కొనవలెను.

తొలకరిలో, మొక్కకు మొక్కకు 5 లేక 6 అడుగులును, గోడకు 3 అడుగులును ఎడముంచి నాటవలెను. నీరు నిలుచు పల్లము దీనికి పనికిరాదు. విద్యుత్తు తీగల క్రింద నాటరాదు. మొదటి రెండు వేసవులు నీరు పోయవలెను. అడుగుకొమ్మలను నఱకరాదు, నఱకినచో క్రింద బోడియై మఱుగు చెడును.

సరుగుడు వేగముగా పెరుగును గాని ముదిరినకొలది అడుగుకొమ్మలెండి సందులు పడును. వెదురుపొద ఏటేట వెడల్పగును. కోనోకార్పసును 2023లో గుజరాతు ప్రభుత్వము నాటరాదని నిషేధించినది. దాని పుప్పొడివలన జబ్బులును, వేళ్లవలన భూమిలోని గొట్టములకు నష్టమును కలుగునని కారణము చెప్పిరి.

కొందఱు కిటికీని గూర్చి దావా వేయ తలంతురు. 1882నాటి ఈజ్‌మెంట్ల చట్టము 18వ సెక్షనులో ఇట్టి ఉదాహరణమొకటి కలదు. పొరుగింటి మఱుగునకు భంగము కలుగునట్లు క్రొత్త కిటికీ పెట్టరాదను ఆచారము ఆ ఊర నున్నచో హక్కు కలుగును. కాని ఆ ఆచారమును ఋజువు చేయు భారము దావా వేసినవానిదే. ఆ వ్యయముతో, ఆ కాలములో, నరమామిడి వరుస కిటికీ ఎత్తునకు ఎదుగవచ్చును.

కనుక సభ్యులు గుంట త్రవ్వుటకు ముందు రెండు పనులు చేయుదురు గాక: చెట్టు ముదిరిననాటి వెడల్పును పెరటి వెడల్పుతో సరిచూచుకొనుట, పొరుగువారితో ఒక మాట చెప్పుట. మఱుగు దక్కును, పొరుగును దక్కును.