నడుము నొప్పి: తెలిసిన మార్గదర్శకం చికిత్స గదిలో ఎందుకు ఆగిపోతోంది?

సూరత్‌లోని లింబాయత్‌లో తెలుగు వినిపించడం కొత్తేమీ కాదు. తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వచ్చిన నేత కుటుంబాలు తరాలుగా ఇక్కడే స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ బడులనూ నడుపుతోంది.

సూరత్ మరమగ్గాల షెడ్లలో 12 గంటల షిఫ్టు మామూలే. షిఫ్టంతా నిలబడి, మగ్గాల మధ్య తిరుగుతూ, పోగు తెగినప్పుడల్లా వంగి అతకాలి. చాలాచోట్ల కూలి నేసిన మీటర్ల లెక్కన వస్తుంది. నడుము పట్టేస్తే ఆ రోజు కూలి పోయినట్టే. ఫిజియోథెరపిస్టు ఏ చికిత్స ఎంచుకుంటారన్నది ఆ ఇంటి ఖర్చుకూ సంబంధించిన విషయం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో 61.9 కోట్ల మంది నడుము నొప్పితో బాధపడ్డారు. 2050 నాటికి ఈ సంఖ్య 84.3 కోట్లకు చేరుతుందని అంచనా. దాదాపు పదింట తొమ్మిది కేసుల్లో నొప్పికి ఫలానా ఎముకో, డిస్కో కారణమని కచ్చితంగా చూపించలేం.

ఏం చేయాలి, ఏం వద్దు?

బ్రిటన్‌కు చెందిన నైస్ సంస్థ 2016లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో మార్గదర్శకాలు విడుదల చేశాయి. రెండింటి సారాంశం దగ్గరగానే ఉంటుంది. నొప్పి గురించి రోగికి అర్థమయ్యేలా చెప్పాలి, వ్యాయామం చేయించాలి, అవసరమైతే మానసిక తోడ్పాటు ఇవ్వాలి. ట్రాక్షన్, అల్ట్రాసౌండ్, కరెంటు ప్రేరణ యంత్రాలు, నడుము బెల్టులను మామూలుగా వాడవద్దని రెండూ చెబుతున్నాయి.

స్కాన్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. నొప్పే లేని 3,110 మంది స్కాన్ ఫలితాలను 2015లో ఒక సమీక్ష పరిశీలించింది. 20 ఏళ్ల వారిలో 37 శాతం మందికి, 80 ఏళ్ల వారిలో 96 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. అంటే స్కాన్‌లో అరుగుదల కనిపించినంత మాత్రాన నొప్పికి అదే కారణమని చెప్పలేం.

తెలిసినా తేడా ఎందుకు?

కండరాలు, ఎముకలు, కీళ్ల సమస్యలకు ఫిజియోథెరపిస్టులు ఏ చికిత్స ఎంచుకుంటారో పరిశీలించిన 94 అధ్యయనాల సమీక్ష 2019లో బీఎంజే ఓపెన్ పత్రికలో వచ్చింది. సర్వేల మధ్యగత విలువ ప్రకారం, సిఫార్సు చేసిన చికిత్సలను ఎంచుకున్నవారు 54 శాతం. వద్దన్న చికిత్సలను ఎంచుకున్నవారు 43 శాతం.

మార్గదర్శకం తెలియకపోవడం ఒక్కటే దీనికి కారణం కాదు. వివరించి చెప్పడానికి సమయం కావాలి. యంత్రం పెట్టడం తేలిక. డబ్బు కట్టిన రోగి కూడా ఏదో ఒక యంత్రం పెడతారనే ఆశతో వస్తాడు. ఇద్దరి భాష ఒకటి కాకపోతే వివరణ మరీ కష్టం.

అసలు చిక్కు ఇంకోటుంది. ‘మంచం పట్టకండి, కదులుతూ ఉండండి’ అని చెబితే, ‘పొద్దంతా నిలబడే ఉంటున్నాను కదా’ అని నేత కార్మికుడు అడుగుతాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. షెడ్డులో ఒకే కదలిక పదేపదే చేయాలి, వేగం మగ్గం చేతిలో ఉంటుంది. వ్యాయామంలో కదలికలు మారుతాయి, భారం కొద్దికొద్దిగా పెరుగుతుంది, మధ్యలో విరామం ఉంటుంది. ఈ తేడాను రోగి భాషలో, అతని పనిని ఉదాహరణగా తీసుకుని చెప్పగలిగినప్పుడే మార్గదర్శకం అమలైనట్టు.

రోగి అడగదగినవి

‘ఇంట్లో నేను చేయాల్సిన వ్యాయామం ఏది? పనికి ఎప్పుడు, ఎలా తిరిగి వెళ్లాలి? ఈ యంత్రం వల్ల నాకు లాభమెంత?’ అని అడగడానికి మొహమాటపడనక్కరలేదు.

మలమూత్రాలపై అదుపు తప్పినా, తొడల మధ్య తిమ్మిరి పట్టినా, కాళ్లు బలహీనపడుతున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నొప్పితో పాటు జ్వరం ఉన్నా, కిందపడి దెబ్బ తగిలినా, గతంలో క్యాన్సర్ వచ్చి ఉన్నా ఆలస్యం చేయకుండా వైద్యుడికి చూపించుకోవాలి. మిగతా చాలామందికి మాత్రం నడుము నొప్పి తగ్గేదే. ఆ భరోసా ఇవ్వడం కూడా చికిత్సలో భాగమే.