తాత్కాలిక ఫైళ్లకు ఆయుర్దాయము

టెక్కలి, పలాస పట్టణములలో, ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టదలచిన విద్యార్థి తన మార్కుల జాబితాను, ధ్రువపత్రము కోరి వచ్చిన ఉద్దానపు రైతు తన ఆధార్ కార్డును, పట్టాదారు పాసుపుస్తకమును నెట్ సెంటరులోగాని, మీసేవ కేంద్రములోగాని స్కాన్ చేయించుకొనునప్పుడు, ఆ పత్రము చేరవలసిన చోటికి చేరినను, దాని ప్రతి తరచుగా ఆ యంత్రములోనే నిలిచిపోవును. పని ముగిసిన పిమ్మట ఆ ప్రతి ఎవరికిని అక్కరకు రాదు. కాని పరుల చేత బడినచో కీడు చేయగలదు.

ఇట్టివియే గాక, ముద్రణకు పంపిన కాగితమునకు ఒకటి, విప్పిన జిప్ ఫైలునకు ఒకటి, చూచిన వెబ్ పేజీకి కొన్నిగా, కంప్యూటరు తన పని సాగించుకొనుటకై క్షణక్షణమును తాత్కాలికమైన ఫైళ్లను సృష్టించుకొనుచుండును. పలాసలో జీడిపిక్కలను కాల్చి పప్పు తీసిన పిమ్మట తొక్కను ఎప్పటికప్పుడు తరలింపనిచో కర్మాగారమున మసలుటకు చోటుండనట్లు, ఈ ఫైళ్లు పేరుకొని డిస్కు నిండినచో క్రొత్త పత్రమును భద్రపరచుటకే తావుండదు.

అందుచేత వీనిని తొలగించు బాధ్యతను మనుష్యుని జ్ఞాపకశక్తికి వదలక యంత్రమునకే అప్పగించిరి. లినక్స్ వ్యవస్థలలో ప్రతి ఫైలునకును మూడు కాలచిహ్నములుండును: కడపట చదివిన వేళ, కడపట విషయము మార్చిన వేళ, పేరు, అనుమతులు మున్నగు వివరములు మారిన వేళ. సిస్టమ్‌డి అను సాధనము, దానితో ముందుగానే ఏర్పడి వచ్చు నియమముల ప్రకారము, 'టీఎంపీ' ఫోల్డరులోని ఫైళ్లను 10 దినముల పిమ్మటను, యంత్రమును ఆపి తిరిగి నడిపినను నిలువవలసిన వానికై ఏర్పడిన 'వార్ టీఎంపీ'లోని ఫైళ్లను 30 దినముల పిమ్మటను తొలగించును. అయితే ఆ మూడు వేళలును గడువు దాటిననే గాని దేనిని ముట్టదు. విండోస్ 10లో 2017 నుండి స్టోరేజ్ సెన్స్ అను ఏర్పాటు ఇట్టి శుభ్రతను స్వయముగా చేయగలదు గాని, డౌన్‌లోడ్స్ ఫోల్డరును మాత్రము మనము కోరిననే గాని తాకదు. మనుష్యుల పత్రముల ప్రతులు తరచుగా అచ్చటనే పడియుండుట గమనింపదగిన విషయము.

ఆజ్ఞ వ్రాయుటలో ఏమరుపాటు జరిగినచో ఈ ఉపకారియే అపకారి కాగలదు. 2021 డిసెంబరులో జపానులోని క్యోటో విశ్వవిద్యాలయపు సూపర్ కంప్యూటరునందు, 10 దినములు దాటిన లాగ్ ఫైళ్లను తుడువవలసిన ఆదేశావళిని, అది నడచుచుండగానే క్రొత్తదానితో మార్చుటవలన, తొలగింపవలసిన చోటును తెలుపు పేరు శూన్యమై, ఆ ఆజ్ఞ పరిశోధకుల ఫైళ్లపై బడి, సుమారు 77 టెరాబైట్ల సమాచారమును, అనగా 3 కోట్ల 40 లక్షల ఫైళ్లను హరించెను. కొన్ని బృందముల కృషి మరల లభింపలేదు.

కావున, ఏ ఫోల్డరు, ఎన్ని దినములు అను రెండు ప్రశ్నలకును స్పష్టమైన సమాధానము వ్రాసి, తొలగింపబడబోవు వాని పట్టికను ముందుగా కన్నులార చూచి, పిమ్మటనే యంత్రమునకు స్వేచ్ఛ నీయవలెను. దాచుకొనదగినదేదియు తాత్కాలిక స్థానమున ఉంచరాదు. వ్యక్తుల సమాచారమును, సేకరించిన ప్రయోజనము తీరిన పిమ్మట, చట్టము నిలుపుమనిన సందర్భములలో తప్ప, తుడిచివేయవలెనని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పేర్కొనుచున్నది. నెట్ సెంటర్లు నడుపు సోదరులారా, మిమ్ము నమ్మి మీ చేతికిచ్చిన పత్రముల ప్రతులకు నేడే గడువు నిర్ణయింపుడు. పత్రములిచ్చినవారును, వెడలుటకు ముందు తమ ప్రతి తుడువబడినదా యని అడుగుట మరువకుందురు గాక.